సెలవు రోజు విప్పిన బోరింగు

ముప్పై మూడేళ్లు బోరింగులు బాగుచేశాను. చెప్పుకోదగ్గ తప్పు మాత్రం రిటైరయ్యాక, పరాయి దేశంలో, సెలవు రోజున చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు నా సంగతులేమైనా రాయమని అడిగారు. ముందుగా గుర్తొచ్చింది అదే. అందుకని అదే రాస్తున్నాను.

బోరింగు అంటే చేతిపంపు. మా కోసిగి వైపు ఊళ్లలో అలాగే అంటారు. వేసవి వస్తే అక్కడ సగం ఊరు పనులు వెతుక్కుంటూ వలసపోతుంది. మిగిలేది ముసలివాళ్లు, చంటిపిల్లలు. రెండు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చుకునే ఓపిక వాళ్లకుండదు. ఎండాకాలంలో ఫలానా ఊళ్లో బోరింగు చెడిపోయిందని కబురొస్తే, తింటున్న కంచం ముందు నుంచి లేచి సైకిలెక్కిన రోజులు చాలా ఉన్నాయి. ఎవరినీ ఏమీ అడగాల్సిన పని ఉండేది కాదు. నన్ను చూడగానే జనం పక్కకు తప్పుకునేవాళ్లు. నేను విప్పేవాణ్ని, బిగించేవాణ్ని, నీళ్లొచ్చేవి. ఆ అలవాటు ఒంట్లో నాటుకుపోయింది.

మా తాతల కాలం నుంచీ మాది చర్చికి పోయే కుటుంబం. నేను రిటైరైన మరుసటి ఏడు మా సంఘం పెద్దల ద్వారా ఒక కబురొచ్చింది. ఆఫ్రికాలో మలావి అనే దేశం ఉంది. అక్కడి పల్లెల్లో కొన్నిచోట్ల మన రకం చేతిపంపులే వేశారు. వాటిని బాగుచేయడం అక్కడివాళ్లకు నేర్పడానికి మూడు నెలలు ఎవరైనా రావాలి. జీతం ఉండదు. తిండి, బస, విమానం ఖర్చు వాళ్లు చూసుకుంటారు. నా భార్య నాకంటే ముందు ఒప్పుకుంది.

"పోయిరా పో. ఇంట్లో బాగుండే కుళాయిలన్నీ విప్పుకుంటా కూర్చునేదానికన్నా, ఆడికి పోయి చెడిపోయినవి విప్పుకో" అంది.

అదే శిక్షణ కేంద్రానికి కడప నుంచి ఒక రిటైర్డ్ నర్సు కూడా వచ్చింది. ప్రసవాల వార్డులో ఎన్నో ఏళ్లు చేసిన మనిషి. పల్లెల్లో కాన్పులు చేసే ఆడవాళ్లకు నేర్పడం ఆమె పని. నాకంటే రెండేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేవాణ్ని. మొదటి రోజు భోజనంలో మొక్కజొన్న పిండితో చేసిన తెల్లటి ముద్ద పెట్టారు. ఆమె వేలితో నొక్కి చూసి, "ఇది మన సంగటే గదప్పా. రంగు మాత్రం తెలుపు" అని తినడం మొదలుపెట్టింది. నాకూ ధైర్యం వచ్చింది. అక్కడ పెద్ద ఆడవాళ్లను 'అమాయి' అని పిలవాలి. తల్లి అని అర్థమట. డెబ్బై ఏళ్ల ముసలమ్మను పట్టుకుని అమ్మాయి అన్నట్టు ఉండేది నాకు. పిలవడానికి నోరు రావడానికి వారం పట్టింది.

నా దగ్గర ఎనిమిది మంది నేర్చుకున్నారు. వాళ్లలో ఐదుగురు ఆడవాళ్లు. అందరిలోకీ చురుకైనది ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. నాది పానా చేత్తో పట్టుకుని చూపిస్తూ మాట్లాడే ఇంగ్లీషు. దాన్ని వాళ్ల భాషలోకి తిప్పి చెప్పే పని కూడా ఆమెదే. నేను ఒక మాట చెబితే ఆమె నాలుగు మాటలు చెప్పేది. అందరూ తలలూపేవాళ్లు. నాలుగింట్లో నావెన్నో, ఆమెవెన్నో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. చేతిపంపు కింద బోరులో ఒకదానికొకటి బిగించిన ఇనప పైపులు వేలాడుతుంటాయి. వాటి అడుగున నీళ్లు లాగే సిలిండరు ఉంటుంది. అందులో తోలు వాషరు అరిగితే నీళ్లు నిలవవు. దాన్ని మార్చాలంటే పైపులన్నీ పైకి లాగి ఒక్కొక్కటే విప్పుకుంటూ రావాలి. పై పైపు విప్పుతున్నంతసేపూ కింది పైపుల బరువు మొత్తం పట్టుకోవడానికి క్లాంపు అనే ఇనప పట్టు ఉంటుంది. అది లేకుండా పైపు మీద చెయ్యి వెయ్యకూడదు. మొదటి వారమంతా నేను నేర్పింది దాదాపుగా ఇదొక్కటే. పరీక్షలో కూడా అదే అడిగాను.

పదో వారం చివర శని, ఆదివారాలు మాకు పూర్తి సెలవు ఇచ్చారు. ఆ దేశంలో ఒక పెద్ద సరస్సు ఉంది. ఒడ్డున నిలబడితే సముద్రంలా ఉంటుందన్నారు. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో ఇసుక తేలితే చూస్తూ పెరిగినవాణ్ని నేను. అక్క అయితే వచ్చిన రోజు నుంచీ సరస్సు, సరస్సు అంటూనే ఉంది. నా మాటలు తిప్పి చెప్పే శిష్యురాలి పుట్టిల్లు ఆ దారిలోనే, సరస్సుకు నాలుగైదు కిలోమీటర్ల ఇవతల. శనివారం మధ్యాహ్నం వాళ్లమ్మ దగ్గర భోజనం చేసి, సాయంత్రం సరస్సు చూసి, రాత్రికి అక్కడే పడుకుని, ఆదివారం పడవ ఎక్కి తిరిగి రావాలని ముగ్గురం అనుకున్నాం.

మినీ బస్సులో నా సంచీ అక్క కాలికి తగిలి గణగణమంది.

"ఏమప్పా, సరస్సు కాడికి పానాలెందుకు?" అంది అక్క.

"ఉండనీలేక్కా. బరువేముంది."

"చీర, సబ్బు తెచ్చుకున్నా నేను. నువ్వు పానాలు తెచ్చుకున్నావు. బాగుండాది."

పన్నెండు గంటలకు ఊరు చేరాం. ఎర్ర మట్టి, మామిడి చెట్లు, గడ్డి కప్పుల ఇళ్లు. బస్సు దిగగానే నాకు వినిపించింది బోరింగు చప్పుడు. ఒక అమ్మాయి కొడుతోంది. ఎంత కొట్టినా నీళ్లు రావడం లేదు. నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. నలభై రెండోసారికి సన్నటి ధార వచ్చింది. తర్వాత బాగానే వచ్చింది. ఆపితే మళ్లీ మొదటికే.

"వాషరు పోయింది. రెండు గంటల పని" అన్నాను.

నా శిష్యురాలు అడ్డం చెప్పింది. "వాళ్లకు తెలుసు సార్. కమిటీ వాళ్లు వాషరు కొని పెట్టుకున్నారు. పంపు విప్పే సామాన్లు మంగళవారం వస్తాయి. క్లాంపు అందులోనే ఉంది. మీరు రండి, అమ్మ వండిపెట్టింది."

భోజనం చేశాం. ఎండు చేపల పులుసు, సంగటి. తింటున్నంతసేపూ నా చెవిలో ఆ చప్పుడే. అక్క గమనించింది.

"అప్పా, మూడింటికి మనం సరస్సు కాడ ఉండాల. ఆ బోరింగు పక్కకు సూడాకు."

నేను చూశాను. చేతులు కడుక్కునే నెపంతో అక్కడికి పోయి పంపు తల విప్పాను. సైకిళ్లు బాగుచేసే అతని దగ్గర రెండు పైపు రెంచిలు దొరికాయి. పైపులు పైకి లాగడానికి నలుగురు మొగవాళ్లు సరదాగా తాడు పట్టారు. నా శిష్యురాలు పరిగెత్తుకొచ్చింది.

"సార్, క్లాంపు లేదు కదా!"

"మా ఊళ్లలో రెంచిలతోనే చాలాసార్లు తీశాను. చూడు, ఇది అనుభవం" అన్నాను.

ఆ మాట అన్నట్టు బాగా గుర్తుంది. మొదటి పైపు వచ్చింది. రెండోది వచ్చింది. మూడో పైపు విప్పుతుంటే తడికి ఒక రెంచి జారింది. రెండో రెంచి పళ్లు అరిగిపోయి ఉన్నాయి. ఒక్క క్షణం పైపు నా అరచేతుల మధ్య నుంచి పోవడం తెలిసింది. తర్వాత బోరు లోపల నుంచి రైలు పోతున్నట్టు శబ్దం. ఏడు పైపులు, లోపలి రాడ్లు, సిలిండరు అన్నీ అడుక్కి పోయాయి. తాడు ఊడిపోయి, పట్టుకున్న నలుగురూ వెనక్కి పడ్డారు. నా అరచేయి చీరుకుపోయింది.

మాకు వండిపెట్టిన శిష్యురాలి తల్లితో సహా, బిందెలతో, బకెట్లతో ఆడవాళ్లు చేరారు. వాళ్లలో నుంచి తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దమ్మ ముందుకొచ్చింది. నీళ్ల కమిటీకి ఆమే పెద్ద. బోరులోకి తొంగి చూసి, నన్ను చూసి ఏదో అడిగింది. నా శిష్యురాలు నేలవైపు చూస్తూ తిప్పి చెప్పింది.

"ఇందాకటిదాకా నలభై సార్లు కొడితే నీళ్లొచ్చేవి. ఇప్పుడు ఎన్నిసార్లు కొట్టాలి అని అడుగుతోంది సార్."

నోట్లో నుంచి వచ్చిన మాట ఇది: "పైపులు పాతవి. తుప్పు పట్టి మర తెగిపోయిందని చెప్పు."

అది అబద్ధం. పైపు మరలు శుభ్రంగా ఉన్నాయి. పైకి తీసిన రెండూ అక్కడే పడి ఉన్నాయి, ఎవరు చూసినా తెలుస్తుంది. నా శిష్యురాలు వాటివైపు చూసింది. నావైపు చూసింది. తిప్పి చెప్పలేదు. మెల్లగా అడిగింది.

"సార్, ఇదే మాట చెప్పమంటారా?"

ఆమె అడిగిన తీరులో తప్పు పట్టడం లేదు. చెప్పమంటే చెప్పేదే. అది ఆమె ఊరు, వాళ్లు ఆమె మనుషులు. నేను ఆమెకు గురువును. నా అబద్ధాన్ని ఆమె నోటితో, ఆమె తల్లి ముందు చెప్పించబోయాను. పైపులు జారినప్పటికన్నా ఎక్కువ సిగ్గు అప్పుడు వేసింది.

"వద్దు. క్లాంపు లేకుండా తీశానని చెప్పు. నువ్వు వద్దన్నావని కూడా చెప్పు. నా చెయ్యి జారిందని చెప్పు."

ఆమె చెప్పింది. ఈసారి నాలుగు మాటలు కాదు, నేను చెప్పినంతే చెప్పింది. పెద్దమ్మ విని, కోప్పడలేదు. ఒక ఖాళీ బకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. భాష అక్కరలేకుండానే అర్థమైంది.

ఆ సాయంత్రం సరస్సుకు పోలేదు. ఆడవాళ్ల వెంట నీళ్లకు పోయాం. ఇరవై నిమిషాలు నడిస్తే ఎండిపోయిన వాగు ఒకటి. ఇసుకలో చెలమలు తవ్వి ఉన్నాయి. మా అమ్మ నన్ను చంకన వేసుకుని పోయిన చెలమల్లాంటివే. చిప్పతో తోడి పోసుకోవాలి. వాళ్లందరూ బకెట్లు తలమీద పెట్టుకుని చేతులు ఊపుకుంటూ నడిచారు. గుడ్డ చుట్టిన చేత్తో నేను మోస్తుంటే సగం నీళ్లు నా పంచె మీదే పోయాయి. చూసి నవ్వారు. అక్క కూడా ఒక బకెట్టు మోసింది. దారంతా నన్ను తిట్టింది.

"పది వారాలకు ఒక్క సెలవు ఇచ్చినారు. ఒక్కటి! ఊరికే కూర్చునేది రాదా నీకు?"

"తప్పయిందక్కా."

"నాకు చెప్పేదేముందిలే. నాకు కాన్పులకాడ తెలుసు. తొందరపడి చెయ్యి పెట్టేవాళ్లే చెడగొడతారు. నువ్వు ఇంత పెద్ద మెకానిక్కువి, నీకు తెలీదా?"

బకెట్టు చెయ్యి మార్చుకుని నడిచాను.

ఆ రాత్రి పడుకుని, బోరులో పడ్డ పైపులను ఎలా తీయాలా అని ఆలోచించాను. కర్నూలు వర్క్‌షాపులో మాకు పని నేర్పిన మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. ఇప్పుడు లేడు. లారీ కింద స్ప్రింగుల్లా ఉండే కమాను పట్టీలతో ఆయన ఒక కొక్కెం చేసేవాడు. రెండు పట్టీలు ఎదురెదురుగా బిగించి, కొసలు లోపలికి వంచుతాడు. బోరులోకి దించితే పైపు తలకాయ దగ్గరుండే లావు సాకెట్టు ఆ రెండు పట్టీల మధ్య దూరుతుంది. పైకి లాగితే కొసలు దానికింద బిగుసుకుంటాయి. నేను చేరిన కొత్తలో ఒకసారి పైపులు పడేస్తే, ఆయన పక్కన నిలబడి చూశాడే తప్ప చెయ్యి వేయలేదు. "పడేసినోడే తియ్యాల బేటా. భయం పోవాలంటే అదే మందు" అన్నాడు. ఆ కొక్కెం కొలతలు గుర్తు తెచ్చుకుంటూ నిద్రపోయాను.

తెల్లారగానే సైకిళ్లతని దగ్గరికి పోయాను. పాత లారీ పట్టీ ముక్కలు దొరికాయి. ఆయనకు కొలిమి ఉంది. నేల మీద పుల్లతో బొమ్మ గీసి చూపించాను. ఆయన గంటలో చేసిచ్చాడు. కొక్కెం తీసుకుని బోరు దగ్గరికి పోతే పెద్దమ్మ అడ్డుకుంది. ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఎవరూ పని ముట్టకూడదంది. బోరు మీద ఒక మూకుడు బోర్లించి అందరం చర్చికి పోయాం. రేకుల షెడ్డు. పాస్టరు ప్రార్థనలో వాళ్ల భాషలో నీళ్లు అనే మాట మూడుసార్లు వచ్చింది. ఆ మాట నాకు తెలుసు. మూడుసార్లూ అందరూ నావైపు చూశారు.

"కండ్లు మూసుకో అప్పా. బోరు యాడికీ పోదు" అని గొణిగింది అక్క.

ఆరాధన అయ్యాక అక్క మాతో ఆగలేదు. "నేను సరస్సు సూసి వస్తా. నేనుండి చేసేదేముండాది" అని, శిష్యురాలి చెల్లెలిని తోడు తీసుకుని, ఎక్కించుకుపోయే బాడుగ సైకిళ్లు మాట్లాడుకుని వెళ్లిపోయింది. మంచిపని చేసింది.

కొక్కెం తాడుకు కట్టి దించాను. అడుగున తగిలింది. లాగితే ఉత్తదే వచ్చింది. మళ్లీ దించాను. ఉత్తదే. ఆరుసార్లు అలాగే అయింది. నా చేయి వాచింది. తాడు మీద ఏం తగులుతోందో నాకే తెలియడం లేదు. పన్నెండు దాటింది. ఆడవాళ్లు నీడలో కూర్చుని చూస్తున్నారు.

ఏడోసారి దించబోతుంటే నా శిష్యురాలు నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"సార్, నేను చూస్తాను."

మేస్త్రీ మాట గుర్తొచ్చింది. పడేసినవాడే తీయాలి. ఆ మాట పట్టుకుని ఇంకో గంట మొండికేసేవాణ్నేమో. కానీ అది ఆయన నాకు పాతికేళ్ల వయసులో చెప్పిన మాట. ఇప్పుడు భయం పోవాల్సింది నాకు కాదు, నీళ్లు రావాల్సింది వాళ్లకు. తాడు ఆమెకిచ్చాను.

ఆమె నాలాగా వదిలేయలేదు. మూరెడు మూరెడు దించింది. అడుగు తగలగానే కళ్లు మూసుకుంది. తాడును వేళ్లతో మెలితిప్పుతూ కొంచెం పైకి, కొంచెం కిందికి, మళ్లీ కొంచెం పక్కకు ఆడించింది. పైపు బోరు గోడకు ఆనుకుని వాలి ఉంది. కొక్కెం దాని పక్కగా జారిపోతోంది. అది ఆమె చేతికి తెలిసింది, నాకు తెలియలేదు. చాలాసేపు అయ్యాక కళ్లు తెరిచి ఒకటే మాట అంది.

"కూర్చుంది."

లాగారు. బరువు వచ్చింది. నలుగురు మొగవాళ్లకు ఆరుగురు ఆడవాళ్లు తోడయ్యారు. పైపు తల పైకి కనపడగానే నేను అరిచిన అరుపు తెలుగులోనే వచ్చింది. ఈసారి క్లాంపు లేకుండా ముట్టలేదు. పొద్దున కొక్కెంతోపాటు సైకిళ్లతని చేత రెండు గట్టి చెక్కలు తొలిపించి, నాలుగు బోల్టులతో ఒక క్లాంపు కూడా చేయించి పెట్టాను. ప్రతి పైపుకూ దాన్ని బిగించమని చెప్పాను. చెప్పక్కర్లేదు, నా శిష్యురాలు అప్పటికే బిగిస్తోంది. వాషరు మార్చింది కూడా ఆమే. నేను పానాలు అందించాను.

రెండున్నరకు మళ్లీ అంతా బిగించాం. మొదట కొట్టమని పెద్దమ్మ నన్నే పిలిచింది. కొట్టాను. అందరూ పైకి లెక్కపెట్టారు. ఆరోసారికి నీళ్లొచ్చాయి. మురికిగా వచ్చి, కాసేపటికి తేటపడ్డాయి. కేకలేమీ పెట్టలేదు. వరసలో బకెట్లు పెట్టుకున్నారు, అంతే. నీళ్లంటే తెలిసిన ఊళ్లన్నీ అంతే. మా వైపూ అంతే.

మూడింటికి అక్క తిరిగొచ్చింది. చీర అంచులు తడిసి ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది.

"ఎట్లుందక్కా?"

నన్ను, ధారను చూసింది. "నీళ్లే గదప్పా. శానా ఉండాయి" అంది. చీర అంచు పిండుకుంటూ, "నువ్వూ సూసింటే బాగుండు" అంది.

నాలుగింటికి ఆఖరి మినీ బస్సు. నేను సరస్సు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు. తిరుగు ప్రయాణంలో విమానం పైనుంచి కనపడుతుందన్నారు. నాకు కిటికీ పక్క సీటు రాలేదు.

బస్సు దగ్గరికి పెద్దమ్మ వచ్చింది. ఆకులో చుట్టిన ఎండు చేపలు నా సంచీలో, పానాల మీద పెట్టింది. ఒక మాట అంది. ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. నా శిష్యురాలు చెప్పడానికి సంకోచించింది.

"చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాను.

"ఈయనకు పని వచ్చు, అడగడం రాదు అంటోంది సార్."

నా సర్వీసు రిజిస్టరు రెండు పుస్తకాలయింది. అందులో ఎందరో ఆఫీసర్లు నా గురించి ఏదేదో రాశారు. ఇంత సరిగ్గా ఒక్కరూ రాయలేదు.

సోమవారం పొద్దున క్లాసులో జరిగింది జరిగినట్టు చెప్పాను, తుప్పు మాటతో సహా. తిప్పి చెప్పడానికి నా శిష్యురాలు కొంచెం ఇబ్బంది పడింది, కానీ చెప్పింది. ఆ తర్వాత పెద్దమ్మ మాటను వాళ్ల భాషలో బోర్డు మీద రాయమన్నాను. రాసింది. ఎనిమిది మందీ చదివి నవ్వారు. ఆ అక్షరాలు ఇంగ్లీషువే అయినా మాటలు నాకు తెలియవు. శిక్షణ అయ్యేదాకా ఇంకో రెండు వారాలు ఆ బోర్డును తుడవనివ్వలేదు. లెక్కలన్నీ పక్కన మిగిలిన జాగాలోనే వేసుకున్నాం.